ముదిమిలో చేతి నేర్పు

ప్రసంగి గ్రంథము పండ్రెండవ అధ్యాయములో వృద్ధాప్యమును గూర్చిన వర్ణన యొకటి కలదు. ఆ జ్ఞాని ముసలితనమును పాతబడిన యింటితో పోల్చి, ఇల్లు కాయు చేతులకు వణకు వచ్చుననియు, బలమైన కాళ్ళు వంగుననియు, చూపు మసకబారుననియు, తుదకు పాట పాడు కంఠములు కూడ సన్నగిల్లుననియు చెప్పెను. ఈ చివరి మాటయొద్ద ఈ నెల కొంతసేపు నిలువవలెనని మేము కోరుచున్నాము.

ముసలితనమున తిండి తగ్గుట, నడక తగ్గుట అందరు ఎరిగినదే. అయితే ఒక మనుష్యుడు ఏబది సంవత్సరములు కష్టించి సంపాదించిన నేర్పు అతని చేతినుండి జారిపోవుచుండగా అతడేమి చేయవలెను? దానిని విడువక పట్టుకొని పెనుగులాడవలెనా? లేక నా కాలము తీరినదని చెప్పి మూలన కూర్చుండవలెనా? పట్టుకొనుట నమ్మకత్వమా, గర్వమా? విడుచుట వినయమా, సోమరితనమా? ఈ ప్రశ్న సంగీత విద్వాంసులకు మాత్రమే వచ్చునది కాదు. నాగలి పట్టినవానికి, మగ్గము నేసినవానికి, వల విసరినవానికి, వంట చేసి పదిమందికి పెట్టిన తల్లికి, ఆదివారమున హార్మోనియం వాయించు పెద్దకు, అందరికిని ఏదో ఒక దినమున ఇది వచ్చి తీరును.

అయినను సంగీతము వాయించువారి సంగతి మొదట చూచుట మేలు. ఏలయనగా ఆ పనిలో దాపరికము లేదు. రైతు సాలు కొంచెము వంకరపోయినను పంట పండును. వాయించువాని వ్రేలు వెండ్రుకవాసి తప్పినను పదిమంది చెవులకు తెలియును. వారు వార్ధక్యమును ఎట్లు ఎదుర్కొనిరో తెలిసికొన్నయెడల మనకును దారి దొరకును.

మన హార్మోనియం మీదనున్న తెల్లని నల్లని మెట్లు అందరు చూచినవే. పడమటి దేశములవారి పియానోకు అట్టి మెట్లే 88 ఉండును. అయితే దానికి గాలి తిత్తి లేదు. ఒక్కొక్క మెట్టు నొక్కగానే లోపల చిన్న సుత్తి లేచి తంతిని కొట్టును. గట్టిగా నొక్కిన గట్టిగా, మెత్తగా నొక్కిన మెత్తగా పలుకును. అందుచేత పదివ్రేళ్ళకును వేగము కావలెను, బలము కావలెను, ఒక్కొక్క వ్రేలికి వేరువేరుగా అదుపు కావలెను. వయసు మీరినకొలది కండ కరుగును, కీళ్ళు బిగియును, నరములలో వార్త నడచు వేగము తగ్గును, సన్నని పై స్వరములు చెవికి అందకపోవును. ఇన్ని తగ్గినప్పుడు పియానో వాయించువాడు మొదట చేతులెత్తవలసినవాడు కాడా? అయినను డెబ్బది, ఎనుబది, తొంబది యేండ్లు దాటి కచేరీలు చేసినవారు కలరు.

ఇది ఎట్లు జరుగునో రాల్ఫ్ క్రాంపె, ఆండర్స్ ఎరిక్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పరిశోధించి 1996లో ప్రకటించిరి. వారు పడుచువారిని, అరువది యేండ్ల ప్రాయపువారిని తీసికొని, వారిలో వృత్తిగా పియానో వాయించువారిని, వేడుకకు వాయించువారిని వేరుగా పరీక్షించిరి. సంగీతముతో సంబంధములేని పనులలో వృద్ధ విద్వాంసులును తక్కిన వృద్ధులవలెనే నెమ్మదించిరి. వారి శరీరమునకు ప్రత్యేకమైన వరమేదియు లేదన్నమాట. కాని వ్రేళ్ళ పనికి వచ్చుసరికి, వేడుకకు వాయించు వృద్ధులు వెనుకబడగా, వృత్తి విద్వాంసులు తమ నేర్పును చాలవరకు నిలుపుకొనిరి. ఎవరెంత నిలుపుకొనిరనునది యౌవనములో వారెంత గొప్పవారనుదానిమీద కాక, ఈ కడపటి సంవత్సరములలో వారెంత సాధన చేయుచున్నారనుదానిమీద ఆధారపడెను.

ఈ మాట బాగుగా ఆలోచింపదగినది. నేర్పును మనము పొలము వలెను, బంగారము వలెను తలంతుము. ఒకసారి సంపాదించితిమి గనుక అది మనదే యనుకొందుము. నిజమునకు అది పొయ్యిలోని నిప్పువంటిది. నిన్నటి కట్టె నేటి అన్నము నుడికించదు. అరణ్యములో ఇశ్రాయేలీయులకు దొరికిన మన్నాను గూర్చి మనకు తెలియును. రేపటికి దాచినది చెడిపోయెను. నేర్పు కూడ ఏ దినమునకు ఆ దినము కూర్చుకొనవలసిన ఆహారమే.

అయితే దినదినము శ్రమించినంత మాత్రమున ముసలివాడు పడుచువాడగునా? కాడు. ఇక్కడనే తెలివి కావలెను. 1887లో పోలెండు దేశమున పుట్టిన ఆర్థర్ రూబిన్‌స్టైన్ అను గొప్ప విద్వాంసుడు 1976లో, 89 యేండ్ల వయసున, లండను నగరములో తన తుది కచేరీ చేసెను. అప్పటికే ఆయన చూపు చాలవరకు పోయెను. వృద్ధాప్యమును గూర్చి పరిశోధన చేసిన పాల్ బాల్టెస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈయన పద్ధతిని తన శిష్యులకు ఉదాహరణగా చెప్పుచుండెను. ఎనుబది యేండ్ల ప్రాయమున ఈయన మూడు పనులు చేసెనట. పూర్వము వాయించిన కృతులన్నియు వాయింపక కొన్నిటిని మాత్రమే ఏర్పరచుకొనెను. ఆ కొన్నిటిని మునుపటికంటె ఎక్కువగా సాధన చేసెను. ఇక మూడవది, వేగముగా వాయింపవలసిన భాగము రాబోవుచున్నదనగా, దానికి ముందున్న భాగమును కొంచెము నెమ్మదిగా వాయించెను. అప్పుడు తరువాతి భాగము వినువారికి తగినంత వేగముగానే తోచెను.

మొదటి రెండును మన పల్లెలలోని ముసలి రైతులు చదువకయే ఎరుగుదురు. ఐదెకరములు దున్నినవాడు వయసు మీరినపుడు నాలుగెకరములు కొడుకులకు విడిచి, ఇంటిదాపున నున్న పెరడు తాను ఉంచుకొనును. ఆ పెరటిలో ఒక్క కలుపు మొక్క కనబడదు. ఎక్కువ విడిచెను గనుకనే తక్కువను బాగుగా చేయుచున్నాడు.

మూడవదాని విషయమై సందేహము కలుగవచ్చును. వేగము లేకున్నను ఉన్నట్లు తోపింపజేయుట మోసము కాదా? తప్పుడు త్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథమున చదువుకొన్న మనకు ఈ ప్రశ్న రావలసినదే. మేము దీనిని గూర్చి ఆలోచించి ఈ తీర్పునకు వచ్చితిమి. అంగడివాడు తూకము తగ్గించినయెడల కొనువానికి సరుకు తక్కువ వచ్చును, లాభము అంగడివానికి పోవును. ఇక్కడ వినువానికి ఏ సరుకు తగ్గెను? స్వరములన్నియు వచ్చెను, పాటలోని భావము వచ్చెను, నెమ్మదికిని వేగమునకును ఉండవలసిన తేడాయు వచ్చెను. ఆ వృద్ధుడు తన బలహీనతను ఎరిగి, దాని చుట్టు దారి వేసి, పాటను గమ్యము చేర్చెను. పైగా తాను చేయుచున్నదానిని దాచక నలుగురికి చెప్పెను. తన లోటును కప్పుకొని పేరు నిలుపుకొనుటకు చేసినది మోసము; తన లోటువలన పని చెడకుండ చేసినది వివేకము. రెండును పైకి ఒక్కటిగానే కనబడవచ్చును. అది ఎవరి కొరకు చేయబడినదను ప్రశ్నకు హృదయములోనే జవాబు దొరకును.

ఇంత దూరము పోనక్కరలేదు; మన పొరుగుననే దీనికి సాక్షులున్నారు. మా అరసవల్లి పేరు వినగానే ఎవరికైనను సూర్యదేవాలయమే జ్ఞప్తికి వచ్చును. అయితే ఈ ఉత్తర తీరమునకు సంగీత విషయమునను గొప్ప పేరు కలదు. 1919లో విజయనగరములో మహారాజు విజయరామ గజపతిరాజుగారు ఒక గానపాఠశాల స్థాపించిరి. తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు కాగా, ఆ బాలునికి సంగీతము నేర్పించుటకై ఆ తలంపు పుట్టినదని అక్కడివారు చెప్పుకొందురు. ఆ పాఠశాలకు మొదటి అధ్యక్షులు హరికథలకు పేరుగాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో పుట్టిన ఆయన 55వ యేట ఆ భారము వహించి 1936 వరకు నడిపెను. ఆ మధ్యకాలముననే, అరువది దాటిన పిమ్మట, పారశీక కవియగు ఉమర్ ఖయ్యాము పద్యములను సంస్కృతమునకును అచ్చతెలుగునకును మార్చి 1932లో గ్రంథముగా వెలువరించెను. కాలికి గజ్జెకట్టి గంటలకొలది ఆడి పాడిన శరీరము అలయుచుండగా, బుద్ధికి ఇంకొక పొలము దున్నించెనన్నమాట.

ఆయన తరువాత అధ్యక్షులైనవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్టణములో పెరిగి, ఫిడేలు మొదట తమ అన్నగారియొద్ద నేర్చిరి. పాఠశాలలో విద్యార్థిగా చేరవచ్చిన ఈయన వాయింపు విని నారాయణదాసుగారు ఆశ్చర్యపడి, ఈయనను అధ్యాపకునిగానే నియమింపజేసిరని ఇప్పటికిని చెప్పుకొందురు. ఈయనకు చిన్ననాటినుండియు చూపు మందము. వయసుతో అది మరింత తగ్గెను. వీణకు మెట్లున్నవి, హార్మోనియంకు మెట్లున్నవి. ఫిడేలు పలకమీద మెట్లు లేవు. వ్రేలు ఎక్కడ పడవలెనో చెవి చెప్పవలెను, చేయి వినవలెను. కన్ను చేయలేని పనిని చెవియు వ్రేలును కలిసి చేసినవి. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారు ఆయనను సంగీత కళానిధిగా గౌరవించిరి. 1957లో పద్మశ్రీ బిరుదు వచ్చెను. 1964లో, 71వ యేట, కన్నుమూసిరి. ఫిడేలు పాటకు ప్రక్క వాద్యముగా మాత్రమే ఉండుచుండిన కాలమున, అది ఒంటరిగా కచేరీ చేయగలదని చూపిన ఘనతయు ఆయనదే. తగ్గుచున్న చూపు గలవాడు ఇంత చేసెననగా, మనకు తగ్గిన దానిని లెక్కించుకొనుచు కూర్చుండుట ఎంత వ్యర్థమో గ్రహింతము.

ఇవి పేరుపొందినవారి సంగతులు, మావంటివారికి ఏల అని పాఠకులు అనవచ్చును. అయితే శ్రీకాకుళమునకు దగ్గరలోనున్న పొందూరును తలంచుడి. అక్కడి సన్నని ఖద్దరు దేశమంతట ప్రసిద్ధి. ప్రత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నముమీద నూరవ నంబరు నూలు వరకు వడుకుదురు. ఆ పని చేయు స్త్రీలలో అనేకులు వృద్ధులు. కన్ను మసకబారినను, బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ దారము లావగుచున్నదో తెగబోవుచున్నదో వారికి తెలియును. వారికి సభలు లేవు, చప్పట్లు లేవు. అయినను విద్వాంసుని వ్రేలిని కాపాడిన నియమమే వీరి వ్రేలినికూడ కాపాడినది. అది దినము తప్పని పని. నేర్పు నిలుచుటకు కీర్తి అవసరము లేదని వీరిని చూచి నేర్చుకొనవచ్చును.

ఇంతవరకు నేర్పును పట్టుకొనుటను గూర్చి చెప్పితిమి. ఇక విడుచుటను గూర్చియు చెప్పవలెను. లేనియెడల సగము సత్యమే చెప్పినవారమగుదుము.

సమూయేలు రెండవ గ్రంథము 19వ అధ్యాయములో బర్జిల్లయి అను వృద్ధుడు కనబడుచున్నాడు. దావీదు కష్టకాలమున అన్నము పెట్టినవాడు. రాజు తిరిగి సింహాసనమునకు పోవుచు, యెరూషలేమునకు వచ్చి నాతో నుండుమని పిలిచెను. ఎనుబది యేండ్ల ఆ ముసలివాడు, తనకు రుచి తెలియుట లేదనియు, పాడువారి స్వరము కూడ ఇక వినబడుట లేదనియు నిజము చెప్పి, రాజునకు భారముగా నుండనొల్లక మన్నించుమనెను. అంతటితో ఊరకుండక, కింహామును చూపి ఇతని నీవెంట తీసికొనిపొమ్మనెను. ఎంత చక్కని మనస్సు! తన లోటును దాచలేదు, దానికై ఏడ్వలేదు, తనకు వచ్చిన గౌరవమును పడుచువానికి అందించెను.

కాబట్టి పట్టుకొనుట అన్నివేళల మంచిదని చెప్పజాలము. మన సంఘములలో ఈ చిక్కు ఎరుగనివారు తక్కువ. పెద్దాయన ముప్పది యేండ్లుగా హార్మోనియం వాయించుచున్నాడు. ఇప్పుడు వ్రేళ్ళు తడబడుచున్నవి, తాళము జారుచున్నది, సంఘము ఒక చరణము ముందు, ఆయన ఒక చరణము వెనుక. పెట్టెకు తాళము మాత్రము ఆయన మొలనే యున్నది. ప్రక్కనే ఒక కుర్రవాడు ఆశగా చూచుచున్నాడు. ఎవరును నోరు తెరువరు. ఇంటికి పోవుచు దారిలో అందరును అనుకొందురు. మరియొక సంఘములో దీనికి వ్యతిరేకముగా జరుగును. కొత్తగా కీబోర్డు వచ్చినది. పడుచువారు ఒక ఆదివారమున ఆయన చోటు తీసికొనిరి. రమ్మనియు లేదు, వద్దనియు లేదు. ఆయన వెనుక బల్లమీద కూర్చుండి పెదవులు కదుపుచున్నాడు. మొదటి సంఘములో పాట చెడినది. రెండవదానిలో ప్రేమ చెడినది. ఏది పెద్ద నష్టమో మేము చెప్పనక్కరలేదు.

అయితే ఎప్పుడు పట్టుకొనవలెను, ఎప్పుడు విడువవలెను? దీనికి సంవత్సరముల లెక్క చాలదు. హృదయమును పరీక్షించుకొనుటకు మాకు ఒక్క ప్రశ్న తోచుచున్నది. నాకంటె బాగుగా చేయు పడుచువాడు వచ్చెనని విన్నప్పుడు నా మనస్సునకు ఏమగును? పని బాగుపడునని సంతోషము కలిగినయెడల నేను ఆ పనిని ప్రేమించినవాడను. నేనింక కొంతకాలము చేసినను నష్టము లేదు. నొప్పి మాత్రమే కలిగినయెడల నేను ప్రేమించినది ఆ పనిని కాదు, ఆ పనిలో నాకున్న చోటును. అట్టివాడు ఎంత సాధన చేసినను అది తన పేరునకు చేయు పరిచర్యయే. ఈ ప్రశ్నకు మనమే జవాబు చెప్పుకొన్నచో మనలను మనము మోసపుచ్చుకొందుము గనుక, ప్రేమగలిగి నిజము చెప్పగల ఒక్కరినైనను దగ్గర ఉంచుకొనుట మంచిది. భార్యయైనను, కుమారుడైనను, పాత స్నేహితుడైనను సరే. వారు చెప్పినప్పుడు కోపపడకుండుట కూడ ముదిమిలో చేయవలసిన సాధనయే.

లేవీయుల విషయమై సంఖ్యాకాండము 8వ అధ్యాయములో ఒక కట్టడ యున్నది. ఏబది యేండ్లు నిండినవారు గుడారపు బరువుపనినుండి తొలగవలెను. కాని వారిని ఇంటికి పంపివేయలేదు. తమ సహోదరులతో కూడ నుండి కాపు కాయుచు సహాయము చేయవలెనని నియమింపబడెను. మోతబరువు దిగినది, చోటు పోలేదు. దేవుని ప్రజల నడుమ వృద్ధుడు అటు యజమానియు కాడు, ఇటు పారవేయబడిన కుండయు కాడు. ప్రక్కన నిలిచి కాపు కాయువాడు. దావీదు నియమించిన గాయకులనుగూర్చి దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయమును చూడుడి. నేర్పుగల 288 మంది, పిన్నలనక పెద్దలనక, గురువనక శిష్యుడనక, వంతుల కొరకు సమానముగా చీట్లు వేసికొనిరి. గురువు ప్రక్కన శిష్యుడు నిలిచిన చోట నేర్పు పోవుటకు భయము లేదు. ఒక చేతినుండి జారినది మరియొక చేతిలో పడును.

దీనికి మన జిల్లాలో పుట్టిన ఒకరి జీవితమే వ్యాఖ్యానము. డాక్టరు శ్రీపాద పినాకపాణిగారు 1913లో శ్రీకాకుళము జిల్లా ప్రియ అగ్రహారమున పుట్టిరి. విశాఖపట్టణములో వైద్యము చదివి, వైద్య కళాశాలలలో ఆచార్యులుగా పనిచేసి, కర్నూలులో స్థిరపడిరి. ద్వారము వారియొద్దను కొంతకాలము నేర్చుకొనిరి. ఆసుపత్రి పని ఒక ప్రక్క, సంగీతము ఒక ప్రక్క. కచేరీలకంటె పాఠము చెప్పుటయందే ఆయనకు పేరెక్కువ. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ మొదలగువారు ఆయనయొద్ద నేర్చినవారే. తాను నేర్చిన కృతులను స్వరములతో వ్రాసి సంగీత సౌరభమను పెద్ద గ్రంథముగా సమకూర్చిరి. 2013లో, నూరవ యేట నడుచుచుండగా, కన్నుమూసిరి. కంఠము వయసుతో తగ్గును. ఊపిరి కురచబడును, స్వరపేటిక బిగియును, శ్రుతి దించుకొనవలసి వచ్చును. కాని శిష్యుల కంఠములలో పెట్టినది ఆయన కంఠముతో తగ్గలేదు.

పియానో విద్వాంసులలోను ఇట్టివాడు ఒకడుండెను. మియెచిస్లావ్ హోర్షోవ్‌స్కీ 1892లో పుట్టి, 1991లో, 99 యేండ్ల వయసున, అమెరికా దేశము ఫిలడెల్ఫియాలో తుది కచేరీ చేసెను. చూపు పోయినందున అంతయు జ్ఞాపకముననుండియే వాయించెను. 1993లో మరణమునకు వారము దినముల ముందువరకు పాఠము చెప్పుచునే యుండెనని ఆయన చరిత్రలో చెప్పబడుచున్నది. కచేరీ ముందు ఆగినది, పాఠము కడవరకు సాగినది. ఈ వరుస గమనింపదగినది. చేతిలోని నేర్పునకంటె చేతికి అందించు నేర్పునకు ఆయుస్సు ఎక్కువ.

ఇచ్చట మేము ఒక హెచ్చరిక చేయకుండ ముగించుట న్యాయము కాదు. సాధన చేసినవారందరికిని నేర్పు నిలుచునని మేము చెప్పుట లేదు. పక్షవాతము వచ్చునపుడు ఈ చేయి ఎంత సాధన చేసినదని అడిగి రాదు. కీళ్ళవాపు నమ్మకస్థుని వ్రేళ్ళనుకూడ వంకర చేయును. మతిమరుపు రోగము నిన్నటివరకు నూరు కీర్తనలు కంఠస్థమున్న తల్లినోట ఈ దినమున బిడ్డ పేరునుకూడ లేకుండ చేయును. అట్టివారిని చూచి, సాధన మానినందుననే ఇట్లాయెనని యెవరును అనకుందురు గాక! యోబు స్నేహితులు అట్టి మాటలే పలికి గద్దింపబడిరి. శ్రమ మనది, ఫలము మన చేతిలో లేదు. నేర్పు ఉన్నంతకాలము అది మనకు అప్పగింపబడిన తలాంతు. తీసివేయబడిన దినమున మనము మనుష్యులము కాకపోము. ఫిడేలు పగిలినను, దానిమీద పాట నేర్చుకొన్నవారు పాడుచునే యుందురు. ఏమియు చేయలేని ఆ తల్లి మంచము ప్రక్కన కూర్చుండి ఆమె పాడిన కీర్తననే ఆమెకు పాడి వినిపించువాడు, ఆమె నేర్పును కాపాడుచున్నవాడే.

కాబట్టి సంఘములోని పెద్దలారా, మీ చేతిలో మిగిలినది కొంచెమైనను దానిని దినదినము వాడుడి. నూరు కీర్తనలు వాయింపలేనియెడల పది ఏర్పరచుకొనుడి. ఆ పదింటిని తెల్లవారుజామున అరగంట సాధన చేయుడి. శ్రుతి అందనియెడల సిగ్గుపడక దించుడి. పెట్టె తాళముచెవి మీ బ్రదుకు దినములలోనే, మీ చేతులతోనే, ఒక కుర్రవాని చేతిలో పెట్టుడి. పెట్టి ఇంటికి పోకుడి. అతని ప్రక్కన కూర్చుండి తాళము వేయుడి.

యౌవనస్థులారా, మీరు ఒక సంగతి ఆలోచింపుడి. పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారు మొదలగువారు వ్రాసిన కీర్తనలకు పుస్తకములో రాగము పేరును తాళము పేరును పైన అచ్చువేయబడి యుండును. ఆ పేరు చదివినంత మాత్రమున పాట రాదు. ఎక్కడ స్వరము వంగవలెనో, ఎక్కడ ఊపిరి తీయవలెనో, మన ఊరిలో అది ఏ వరుసన పాడబడుచున్నదో, వెనుక బల్లమీద కూర్చున్న ఆ ముసలివారికే తెలియును. ఆయన వ్రేళ్ళు తడబడవచ్చును, చెవి తడబడలేదు. నెలకు ఒక్క కీర్తనయైనను ఆయన ఇంటికి పోయి నేర్చుకొనుడి. మీ చేతిలో ఫోను ఉన్నది గదా, ఆయన పాడగా అందులో పట్టి ఉంచుకొనుడి. కాని పట్టుకొన్నంతలో నేర్చుకొన్నట్లు తలంపవద్దు. ఫోనులోని పాట దాచిన మన్నావంటిది. మీ నోట ఉన్నపుడే అది ఆహారము.

71వ కీర్తన వ్రాసిన భక్తుడు తల నెరసిన దినములలో దేవుని ఒక్క సంగతి అడిగెను. తన బలమును తిరిగి ఇమ్మని అడుగలేదు. వచ్చు తరమునకు దేవుని బాహుబలమును తెలియజెప్పువరకు తన్ను విడువకుమని అడిగెను. వృద్ధాప్యమున అడుగదగిన ప్రార్థన ఇదియే. మన వ్రేళ్ళు ఎంతకాలము ఆడునో మనకు తెలియదు. ఆడినంతకాలము నమ్మకముగా ఆడించుదము. ఆడని దినము వచ్చునప్పటికి, మన ప్రక్కన మరియొక చేయి ఆ పాటను ఎరిగి యుండునట్లు చూచుకొందము.